వీ స్పోర్ట్స్‌లో మ్యాట్‌ని ఎలా రప్పించాలి, ఎలా ఓడించాలి?

అటక మీద పడి ఉన్న నింటెండో వాళ్ల పాత వీ గేమ్ కన్సోల్ దించారు. పిల్లలు వీ స్పోర్ట్స్‌కి అతుక్కుపోయారు. బాక్సింగ్‌లో మ్యాట్ అని ఒక రహస్య ఆటగాడున్నాడని వీడియోల్లో చూసి ఇప్పుడు వాడే కావాలంటున్నారు. ఏదో కోడ్ నొక్కితే వస్తాడని మీ బావమరిది గారి వాదన. ఆ కోడ్ ఏమిటి, వచ్చాక మ్యాట్‌ని తీసుకుని మనం ఆడొచ్చా, ఓడిస్తే ఏమొస్తుంది అని మీరడిగారు. పాత కన్సోళ్లు బాగుచేయడం, వాటితో ఆడడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. కోడ్ ఏమీ లేదండీ. మ్యాట్ మాత్రం నిజంగానే ఉన్నాడు. అతన్ని కంప్యూటరే ఆడిస్తుంది, మనం ఎంచుకుని ఆడలేం. ఓడిస్తే స్కోరు పెరుగుతుంది తప్ప కిరీటం, కప్పు, కొత్త రింగు లాంటివి ఏమీ రావు.

మీ బావమరిది గారిని తప్పు పట్టలేం లెండి. స్పోర్ట్స్ గేముల్లో రహస్య ఆటగాళ్లు కోడ్‌తో రావడం ఒకప్పుడు మామూలే. 1993లో ఆర్కేడ్లలోకి వచ్చిన ఎన్‌బీఏ జామ్ అనే బాస్కెట్‌బాల్ గేమ్‌లో పేరు మొదటి అక్షరాలు, ఒక తేదీ కొడితే ఆ గేమ్ తయారుచేసినవాళ్లే ఆటగాళ్లుగా దిగేవారు. ఇంటి కన్సోళ్లకి వచ్చినప్పుడు బిల్ క్లింటన్ కూడా బంతి పట్టుకుని కోర్టులోకి వచ్చాడు. అయితే అవన్నీ మనం ఆడించే పాత్రలు. ప్రత్యర్థిగా మాత్రమే ఎదురయ్యే రహస్య పాత్రలు వేరే జాతి. అదే వీ మీద 2009లో వచ్చిన పంచ్ అవుట్ అనే బాక్సింగ్ గేమ్‌లో, కెరీర్ చివర వచ్చే లాస్ట్ స్టాండ్ పోటీల మధ్యలో హఠాత్తుగా డాంకీ కాంగ్ గొరిల్లా రింగులోకి దిగుతుంది. చెప్పాపెట్టకుండా వస్తుంది, అదీ అసలైన దాపరికం.

మ్యాట్ ఈ రెండింటిలో ఏ కోవకీ చెందడు. అతన్ని ఎవరూ దాచలేదు. అతని ముందు చాలామంది నిలబడి ఉన్నారు, అంతే. ఊరి కుస్తీ పోటీల్లో చిన్న పట్లన్నీ అయ్యాకే పెద్ద పహిల్వాన్ గోదాలోకి దిగినట్టు, మీ స్థాయి అంతదాకా వస్తేగానీ అతను కనిపించడు. చాలా ఇళ్లలో వీ స్పోర్ట్స్ ఎలా ఆడారో మనకు తెలుసు. పండక్కి చుట్టాలొస్తే బౌలింగ్, టెన్నిస్, బాక్సింగ్ నాలుగు ఆటలు, మళ్లీ పెట్టెలోకి. అలా ఆడినవాళ్లకి మ్యాట్ ఎన్నేళ్లయినా ఎదురుపడడు. ఎదురుపడ్డ ఒకరిద్దరు స్నేహితులకి చెబితే అది కాస్తా రహస్యమైపోయింది.

ఆ నిచ్చెన ఎలా పనిచేస్తుందో చెబుతాను. వీ స్పోర్ట్స్‌లో టెన్నిస్, బేస్‌బాల్, బౌలింగ్, గోల్ఫ్, బాక్సింగ్ అని ఐదు ఆటలున్నాయి కదా. తెర మీద మీ తరఫున ఆడే బొమ్మకి ప్రతి ఆటలో విడిగా ఒక స్కిల్ అంకె ఉంటుంది. సున్నాతో మొదలై, ఆట అయిపోగానే చిన్న గ్రాఫ్‌లో పైకో కిందికో కదులుతుంది. 1000 దగ్గర ఒక గీత ఉంటుంది, అది దాటితే మీరు ప్రో. ఇక గేమ్ డిస్కులోనే నింటెండో వాళ్లు చేసిపెట్టిన అరవై మంది కంప్యూటర్ ఆటగాళ్లున్నారు. ఏ ఆటలో ఎవరు ఎంతటివారో ముందే నిర్ణయించి పెట్టారు. మీ అంకెకి దగ్గరగా ఉన్నవాళ్లని తెచ్చి ఎదురుగా నిలబెడుతుంది గేమ్. మీకంటే పైవాణ్ణి కొడితే ఎక్కువ పెరుగుతుంది, కిందివాడి చేతిలో ఓడితే బాగా పడుతుంది. గెలిచిన తీరు కూడా లెక్కలోకి వస్తుంది. ఈడ్చి ఈడ్చి గెలిచిన దానికీ, నాకౌట్‌కీ ఒకే లాభం రాదు. బాక్సింగ్ నిచ్చెనకి చివరి మెట్టు మ్యాట్. మీరు ప్రో చుట్టుపక్కలకి వచ్చి ఇంకా గెలుస్తూ పోతే, ఒకరోజు ఊదా రంగు చొక్కా, కొద్దిపాటి గడ్డం, చామనఛాయ మొహంతో ఎదురుగా నిలబడి ఉంటాడు. పెద్దగా ప్రకటనలు, ప్రత్యేక సంగీతం ఏమీ ఉండవు. పేరు చదివితేనే తెలుస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు పిల్లలకి గట్టిగా చెప్పండి. ఒకటి, గెస్ట్ బొమ్మతో ఆడొద్దు. దాని స్కోరు గేమ్ దాచుకోదు, ఎన్ని ఆడినా మళ్లీ మొదటికే. కన్సోల్‌లో బొమ్మలు తయారుచేసుకునే మియి ఛానెల్ ఉంటుంది, అందులో సొంత మియి బొమ్మ చేసుకుని, రోజూ అదే బొమ్మతో ఆడాలి. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ విడివిడిగా బొమ్మలుండాలి, లేకపోతే తమ్ముడు ఓడిన ఓటములన్నీ అన్న ఖాతాలో పడతాయి, తర్వాత పంచాయితీ మీ దగ్గరికే వస్తుంది. ఎవరి మీదైనా అలిగి ఆ బొమ్మని చెరిపేస్తే దాని రికార్డు కూడా పోతుంది. రెండోది, అన్నదమ్ములిద్దరూ ఒకరితో ఒకరు ఆడే బాక్సింగ్‌కి స్కిల్ అంకెతో సంబంధం లేదు. మ్యాట్ కావాలంటే ఒంటరిగా కంప్యూటర్‌తోనే ఆడాలి.

అంతవరకూ ఓపిక ఉన్నవాళ్లకి రాకపోవడమంటూ ఉండదు. కష్టమంతా వచ్చాకే.

వీ బాక్సింగ్ గురించి ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: ‘నేనొకటి కొడితే తెర మీద ఇంకొకటి పడుతుంది.’ దానికి కారణం తెలిస్తే మ్యాట్‌ని ఓడించడం సగం వచ్చేసినట్టే. కుడిచేతిలోని వీ రిమోట్‌లో అనలాగ్ డివైసెస్ వాళ్ల ఏడీఎక్స్ఎల్330 అనే చిన్న చిప్పు ఉంది, ఎడమచేతిలో పట్టుకునే, రిమోట్‌కి వైరుతో తగిలించే నన్‌చక్‌లో కూడా అలాంటిదే ఇంకొకటి. అవి యాక్సిలరోమీటర్లు, అంటే విసురుని కొలిచేవి. చెయ్యి కదలకుండా ఉన్నప్పుడు చిప్పుకి తెలిసేది భూమ్యాకర్షణ ఒక్కటే. దాన్నిబట్టి రిమోట్ నిలువుగా ఉందా, పడుకోబెట్టి ఉందా, పక్కకి వాలిందా అని గేమ్ కనిపెడుతుంది. చెయ్యి విసిరినప్పుడు ఆ విసురు, ఆకర్షణ రెండూ కలగలిసిపోయి వస్తాయి. ఏది ఎంతో విడదీసి చెప్పడానికి, తిరగడాన్ని కొలిచే జైరోస్కోప్ ఆ రిమోట్‌లో లేదు. అంటే గది మధ్యలో నిలబడి రెండు చేతులూ గిరగిరా తిప్పేవాడి కదలికలు గేమ్‌కి సగం సగమే అర్థమవుతాయి. ఒక గుద్దు నమోదయ్యేలోపు ఇంకో రెండు వస్తాయి, వాటిని వదిలేస్తుంది. టీవీ మీద పెట్టే సెన్సర్ బార్‌కి ఈ గొడవతో సంబంధమే లేదు, కాబట్టి దాన్ని అటూ ఇటూ జరిపి లాభం లేదు. దాన్లో ఉన్నవి ఇన్‌ఫ్రారెడ్ దీపాలే, అవి మెనూలో బాణం గుర్తు కదపడానికి. బార్ పాడైతే టీవీ ముందు రెండు కొవ్వొత్తులు వెలిగించి పని నడిపినవాళ్లూ ఉన్నారు.

కిందిస్థాయి ప్రత్యర్థుల మీద ఊపిరాడకుండా గుద్దితే చాలు, పడిపోతారు. ఆ అలవాటుతోనే పిల్లలు ఎనిమిది వందల దాకా వచ్చేస్తారు. అక్కడినుంచి అది పనిచేయదు. పైవాళ్లు గార్డు పెడతారు, తల తప్పిస్తారు, మీ చెయ్యి గాల్లో ఉన్నప్పుడు మీ మొహం మీద కొడతారు. మ్యాట్ ఈ మూడింటిలోనూ అందరికంటే వేగం.

కాబట్టి మొదట నేర్చుకోవాల్సింది గుద్దడం కాదు, తప్పించుకోవడం. రెండు కంట్రోలర్లూ గడ్డం దగ్గర నిలువుగా పట్టుకోండి, అది మొహానికి గార్డు. కొంచెం దించితే పొట్టకి గార్డు. రెండింటినీ కలిపి ఎడమకి వాలిస్తే మీ బొమ్మ ఎడమకి ఒరుగుతుంది, కుడికి వాలిస్తే కుడికి. మెడ వంచినా, నడుము తిప్పినా గేమ్‌కి తెలియదు, చేతులు వాలితేనే తెలుస్తుంది. ఇది చెప్పకపోతే పిల్లలు ఒళ్లంతా ఊగిపోతూ ‘నేను తప్పుకున్నాను, అయినా తగిలింది’ అని ఏడుస్తారు. ట్రైనింగ్ విభాగంలో తప్పించుకునే సాధన ఒకటుంది. కోచ్ బంతులు విసురుతుంటే ఒరిగి తప్పించుకోవాలి. అందరూ గుద్దుల సంచీ దగ్గరే ఆగిపోతారు, ఇటు రారు. నన్నడిగితే మ్యాట్ కోసం చేయాల్సిన సాధన ఆ బంతులదే.

ఇక గుద్దు. మోచేయి శరీరానికి దగ్గరగా ఉంచి, చిన్నగా ముందుకి పొడిచి, వెంటనే వెనక్కి గడ్డం దగ్గరికి తెచ్చేయాలి. వెనక్కి తెచ్చాక ఒక్క క్షణం ఆగాలి. ఆ ఆగడమే ముఖ్యం, చిప్పుకి మళ్లీ స్థిరమైన భంగిమ అందితేనే తర్వాతి గుద్దుని సరిగ్గా చదువుతుంది. చేతులు పైన నిలువుగా ఉండి పొడిస్తే మొహానికి, కిందికి దించి పొడిస్తే పొట్టకి వెళుతుంది. మ్యాట్ మొహం కప్పుకుని నిలబడితే పొట్ట ఖాళీ, పొట్ట కాచుకుంటే మొహం ఖాళీ. అతను గుద్దు మొదలుపెట్టగానే పక్కకి ఒరగండి, అతని చెయ్యి మీ చెంప పక్కనుంచి పోతుంది, అప్పుడు రెండు మూడు గుద్దులు వేసి మళ్లీ గార్డులోకి వచ్చేయండి. నాలుగోది కొట్టాలన్న ఆశ దగ్గరే చాలామంది పడిపోతారు.

పోటీ మూడు రౌండ్లు. కింద పడితే పది అంకెలు లెక్కపెడతారు. తెర మీద గుండ్రంగా కనిపించేది మీ శక్తి. గుద్దులు తింటే తరుగుతుంది, కాసేపు తినకుండా ఉంటే కొంత తిరిగి నిండుతుంది. దాని అర్థం, మ్యాట్ మిమ్మల్ని మూలకి నెట్టినప్పుడు ఎదురు కొట్టకుండా గార్డు పెట్టుకుని నిలబడడం పిరికితనం కాదు, అదే మంచి ఆట. నాకౌట్ చేసి తీరాలన్న పట్టుదల కూడా మొదట్లో వద్దు. మూడు రౌండ్లూ నిలబడి పాయింట్ల మీద గెలిచినా గెలుపే. ఓడిపోయినా దిగులు పడొద్దని చెప్పండి, మీకంటే పైవాడి చేతిలో ఓడితే అంకె పెద్దగా తగ్గదు, అతను త్వరలోనే మళ్లీ ఎదురవుతాడు. గెలిచాక కూడా అంతే, మళ్లీ వస్తాడు. ‘నేను మ్యాట్‌ని కొట్టేశాను’ అన్నదానికి గేమ్ సర్టిఫికెట్ ఏమీ ఇవ్వదు. గెలిచిన క్షణాన ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టండి, మీ బావమరిది గారికి సాక్ష్యం ఉండాలి కదా.

మ్యాట్‌ని మనం ఎందుకు ఆడించలేం అన్నది రెండో ప్రశ్న. వీ కన్సోల్‌లో మనం చేసుకునే మియి బొమ్మలన్నీ మియి ఛానెల్ జాబితాలో ఉంటాయి, మొత్తం నూరు దాకా. ఆటగాణ్ణి ఎంచుకునే తెర మనకి చూపించేది ఆ జాబితానే. మ్యాట్, అతని తోటివాళ్లు కన్సోల్‌లో లేరు, గేమ్ డిస్కులో ఉన్నారు. వాళ్లని ఎంచుకునే మెట్టు గేమ్‌లో పెట్టనే లేదు. కన్సోల్‌ని మార్పిడి చేసి, బయటి చీట్ కోడ్‌లు వేసి ఆడేవాళ్లున్నారు గానీ, పిల్లల కోసం దించిన ఒక్కగానొక్క కన్సోల్‌తో ఆ ప్రయోగం నేనైతే చేయను. అంతకంటే సులువైన దారి ఉంది. మియి బొమ్మ అంటే ఫొటో కాదు. ఏ కళ్లు, ఏ జుట్టు, ఏ రంగు, ఎంత ఎత్తు అన్న ఎంపికలకి సంబంధించిన అంకెల వరస, అంతా కలిపి 74 బైట్లు. అంటే మ్యాట్ మొహంలో ఉన్న ప్రతి ముక్కా మీ మియి ఛానెల్‌లో కూడా ఉంది. వీడియో ఆపి చూస్తూ అచ్చు అలాంటి బొమ్మనే చేసి, పేరు మ్యాట్ అని పెట్టుకోవచ్చు. ఆ బొమ్మతో ఆడితే చూడ్డానికి మ్యాట్ ఆడుతున్నట్టే ఉంటుంది, స్కోరు మాత్రం సున్నా నుంచి మొదలు. నకిలీ మ్యాట్‌తో నిచ్చెన ఎక్కి అసలు మ్యాట్‌ని కొట్టడంలో ఒక మజా ఉంది, పిల్లలకి తప్పకుండా నచ్చుతుంది. ఆ బొమ్మని స్నేహితుల ఇంటికి తీసుకెళ్లాలంటే రిమోట్‌లోకే ఎక్కించుకోవచ్చు, ఒక్కో రిమోట్‌లో పది బొమ్మలు పడతాయి.

ఈ మియి బొమ్మల ఆలోచన వీ కంటే పాతది. నింటెండో గేముల రూపకర్త షిగేరు మియామోటో 2007లో అమెరికాలో జరిగిన గేమ్ డెవలపర్ల సదస్సులో ఆ చరిత్ర చెప్పాడు. నింటెండో వాళ్ల పాతకాలపు గేమ్ యంత్రం ఫ్యామికామ్ డిస్క్ సిస్టమ్ కాలం నుంచీ మనిషి మొహాన్ని గేమ్‌లోకి తేవాలని ప్రయత్నిస్తూనే ఉన్నారు, చాలాకాలం అది సరిగ్గా కుదరలేదు. చివరికి గుండ్రటి తల, చేతికి మోచేయి కూడా లేని సాదా బొమ్మ దగ్గర కుదిరింది. ఆ సాదాతనమే మ్యాట్‌కి కలిసొచ్చిందని నా ఉద్దేశం. ఆ మొహంలో కోపం లేదు, నవ్వు లేదు, ఒక్క మాట మాట్లాడడు. ఏ కథా లేని మొహానికి జనం వాళ్లకి తోచిన కథ అంటించుకున్నారు. దేవుడంటారు, యముడంటారు, ఎవరూ ఓడించలేదంటారు. ఇంటర్నెట్ వేళాకోళాల్లో అతను అంత పెద్దవాడైపోవడానికి నింటెండో చేసిందేమీ లేదు.

నిజానికి టెన్నిస్‌లో నిచ్చెన చివర ఉండే ఎలీసా, సారా జంట మ్యాట్‌కి ఏమాత్రం తీసిపోదు, వాళ్లని కొట్టడం నాకైతే ఇంకా కష్టం. బేస్‌బాల్‌లో సకురా ఉంది. వాళ్ల మీద ఇన్ని జోకులు ఎందుకు లేవు? కెమెరా వల్ల అంటాను. టెన్నిస్‌లో ప్రత్యర్థి నెట్‌కి అవతల దూరంగా చిన్నగా కనిపిస్తాడు. బేస్‌బాల్‌లో తొమ్మిది మంది గుంపులో ఒకడు. బాక్సింగ్‌లో కెమెరా మీ బొమ్మ వీపు వెనకే ఉంటుంది, ఎదుటివాడి మొహమే తెర నిండా. మూడు రౌండ్లపాటు ఆ ఒక్క మొహాన్నే చూస్తూ దెబ్బలు తిన్నవాడు దాన్ని మర్చిపోమన్నా మర్చిపోడు. పైగా జపాన్, దక్షిణ కొరియా తప్పిస్తే వీ స్పోర్ట్స్ డిస్కు కన్సోల్ డబ్బాతోపాటే వచ్చేది. ఎనిమిది కోట్ల ఇరవై తొమ్మిది లక్షల కాపీలు జనంలోకి వెళ్లాయి. అంతమందికి ఒకే మొహం చేత దెబ్బలు పడితే పేరు రాకుండా ఎలా ఉంటుంది?

పిల్లలకి మ్యాట్ పిచ్చి ఇంకా తీరకపోతే 2009లో వచ్చిన వీ స్పోర్ట్స్ రిసార్ట్ వెతకండి. అందులో బాక్సింగ్ లేదు, కత్తియుద్ధం ఉంది, దానికి ఛాంపియన్ మళ్లీ మ్యాటే. టేబుల్ టెన్నిస్‌కి లూసియా, బాస్కెట్‌బాల్‌కి టామీ ఛాంపియన్లు. నీళ్ల మీద ఎత్తుగా ఉన్న వేదిక మీద ఇద్దరూ కత్తులతో నిలబడి ఒకరినొకరు తోసేసుకోవాలి, రెండు రౌండ్లు గెలిచినవాడిదే పోటీ. ఈ గేమ్‌కి మోషన్ ప్లస్ అనే చిన్న జోడింపు రిమోట్ కింద తగిలించాలి, లేదా అది లోపలే ఉన్న రిమోట్ అయినా సరే. అందులో జైరోస్కోప్ ఉంది, అందుకే బాక్సింగ్‌లో వచ్చిన తంటాలు ఇక్కడ ఉండవు, మణికట్టు తిప్పితే కత్తి కూడా అలాగే తిరుగుతుంది. ఇక్కడా సూత్రం పాతదే. బీ బటన్ నొక్కి పట్టి, అతని కత్తి వచ్చే దిక్కుకి అడ్డంగా మీ కత్తి పెట్టండి. అతను అడ్డంగా కొడితే మీది నిలువుగా, నిలువుగా కొడితే అడ్డంగా. దెబ్బ మీ కత్తికి తగిలి అతను ఒక్క క్షణం బిగుసుకుపోతాడు, అప్పుడు కొట్టండి. మీరే ముందు చెయ్యి ఎత్తితే ఆ బిగుసుకుపోవడం మీ వంతు అవుతుంది, అంచుదాకా వెనక్కి వెళ్లి నీళ్లలో పడతారు.

2022లో వచ్చిన నింటెండో స్విచ్ స్పోర్ట్స్‌లో కూడా, కంప్యూటర్‌ని కష్టమైన స్థాయిలో పెట్టి ఆడుతుంటే అరుదుగా మ్యాట్ ఎదురవుతాడు. ఆ పాత అభిమానులకి ఇచ్చిన చిన్న కానుక అది. అయితే దానికోసం కొత్త కన్సోల్ కొనాల్సిన పనిలేదు, ఇంట్లో ఉన్నదాంట్లోనే అసలువాడున్నాడు.

చివరగా కన్సోల్ సంగతి. ఇన్నేళ్లు అటక మీద ఉందంటున్నారు కాబట్టి ముందు రిమోట్ వెనక మూత తీసి చూడండి, పాత సెల్స్ కారి స్ప్రింగుల మీద పచ్చగానో తెల్లగానో పేరుకుని ఉంటుంది. దూదికి కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, బాగా ఆరాక కొత్త సెల్స్ వేయండి. నన్‌చక్ వైరు కనెక్టర్ దగ్గర నలిగిపోయి ఉంటే ఎడమచేతి గుద్దులు ఆగి ఆగి పడతాయి, అది మ్యాట్ గొప్పతనం కాదు, వైరు గుణం. రిమోట్‌కి ఉన్న తాడు మణికట్టుకి తగిలించకుండా మాత్రం ఎవరినీ ఆడనివ్వకండి. అప్పటి లావుపాటి టీవీలు చెయ్యిజారిన రిమోట్‌ని తట్టుకుంటే తట్టుకున్నాయేమో గానీ, మీ గోడ మీదున్న పల్చటి టీవీ ఒక్క దెబ్బకి ఆగదు.